మూడో కొక్కెం మీది కోటు

నేను ఒక వానకోటును. నన్ను తొడుక్కుని వానలో నడిచినవాళ్ళు మాత్రం లేరు. నా ఉద్యోగం ఆనకట్ట కడుపులో. అక్కడ ఆకాశం లేదు, నీళ్ళు మాత్రం పైనుంచే పడతాయి.

నా సంగతి చెప్పేముందు మా వంశం గురించి కొంత చెప్పాలి. మనిషి బట్ట కట్టడం నేర్చుకున్న నాడే ఆ బట్ట తడుస్తుందన్న బెంగ కూడా మొదలైంది. ఈ నేల మీద గొర్లకాపరి గొంగడి కప్పుకున్నాడు. గొంగడి వానను కొంతసేపు ఆపుతుంది, ఆ తర్వాత తానే వానంత బరువెక్కుతుంది. నాట్లేసేవాళ్ళు తాటాకు గిడుగు వీపున వేసుకున్నారు. వంగి ఉన్నంతసేపు అది పనిచేస్తుంది, నడుము ఎత్తితే ముఖం తడుస్తుంది. మంచు దేశాల వేటగాళ్ళు సీలు జంతువుల పేగులు కోసి, ఆరబెట్టి, చొక్కాలు కుట్టుకున్నారు. ఓడల మీద పనిచేసేవాళ్ళు తెరచాప గుడ్డకు అవిసె నూనె పట్టించి తొడుక్కున్నారు. దక్షిణ అమెరికా అడవుల్లో చెట్టు పాలు బట్టకు పూసేవారు. ఆ చెట్టు పాలే రబ్బరు.

రబ్బరును దూరదేశాలకు తెచ్చినవాళ్ళకు దాన్ని బట్టకు ఎలా పట్టించాలో చాలాకాలం తెలియలేదు. స్కాట్లండులో ఒక వ్యాపారి, బొగ్గు నుంచి గ్యాసు తీయగా మిగిలిన నూనెలో రబ్బరును కరిగించి, రెండు గుడ్డల మధ్య ఆ జిగురు పూశాడు. నీరు ఆగింది. దర్జీలు ఆ గుడ్డను సూదితో కుట్టారు, సూది బెజ్జాల్లోంచి నీరు వచ్చింది. ఎండాకాలం కోటు ఒంటికి అంటుకుంది, చలికాలం పలకలా బిగుసుకుంది, ఏ కాలంలోనైనా కంపు కొట్టింది. తర్వాత ఇంకొకరెవరో రబ్బరును గంధకంతో కలిపి ఉడికించారు. అంటుకోవడం, బిగుసుకోవడం తగ్గాయి.

ఒక్కటి తగ్గలేదు. బయటి నీటిని రానివ్వని గుడ్డ లోపలి నీటిని పోనివ్వదు. మమ్మల్ని తొడుక్కున్నవాడు వానకు తడవడు, తన చెమటకు తడుస్తాడు. ఆవిరిని వదిలి నీటిని ఆపే గుడ్డ కూడా తర్వాత వచ్చిందని విన్నాను. అది కొండలెక్కేవాళ్ళకు పోయింది. ప్రభుత్వ టెండరులోకి రాలేదు.

నన్ను కలకత్తా శివారులో ఒక కార్ఖానాలో చేశారు. నూలు గుడ్డకు రబ్బరు పూసి, ఆవిరి గదిలో ఉడికించి, కత్తిరించి, కుట్టు పడ్డ చోటల్లా లోపలినుంచి పట్టీ అంటించారు. పట్టీలు అంటించే మనిషి ఆ వేడికి చొక్కా లేకుండా పనిచేసేవాడు. ఆయన ఇంట్లో వానకోటు ఉందో లేదో నాకు తెలియదు.

అక్కడినుంచి ఆరుగురం ఒక పెట్టెలో ఇప్పలేరు ఆనకట్టకు వచ్చాం. మా కోసం వానాకాలానికి ముందు రాశారు, మేం వానలు వెలిశాక చేరాం. స్టోర్ కీపరు అనంతరాములు మమ్మల్ని లెక్కపెట్టుకుని, పెట్టె మూసి, బీరువాలో పెట్టి తాళం వేశాడు. మరుసటి వానాకాలం పంపు ఆపరేటరు బుచ్చిలింగం వచ్చి అడిగాడు.

"సార్, కోట్లు ఇయ్యున్రి. గ్యాలరీల నెత్తిమీద నీళ్ళు కారుతున్నయి."

"కొత్త కోట్లు లింగం. నీళ్ళల్ల ఏసుకుంటే పాడైతయి."

"మరి ఎండల ఏసుకోవాల్నా సార్?"

అనంతరాములు నవ్వలేదు. పెట్టె ఆ ఏడు తెరవలేదు. చీకటిలో ఒకదాని మీద ఒకటి మడతపడి, రబ్బరుకు రబ్బరు అతుక్కుని ఉన్నాం. మూసి ఉంచడమంటే ఏమిటో నాకు అక్కడ మొదట తెలిసింది. బీరువాకు చెదలు పట్టడంతో మమ్మల్ని బయటికి తీసి, వీపు మీద తెల్ల రంగుతో అంకెలు వేసి, గ్యాలరీకి పంపారు. నాకు మూడు వచ్చింది. నేను బుచ్చిలింగం కోటునయ్యాను.

గ్యాలరీ అంటే ఏమిటో చెప్పాలి. ఆనకట్ట గట్టి గోడ అని అందరూ అనుకుంటారు. దాని అడుగున, ఈ కొస నుంచి ఆ కొస దాకా, మనిషి నిలబడి నడిచేంత సొరంగం ఉంటుంది. అవతలి గోడ వెనక జలాశయం. ఆ గోడలోంచి నీరు ఊరుతుంది, కప్పులోంచి కారుతుంది. ఆ నీరంతా కాలువలో పడి కొసన ఉన్న సంపు అనే గుంటలోకి చేరితే, పంపు దాన్ని గొట్టంలోంచి బయటికి తోస్తుంది. పంపు ఆగితే గ్యాలరీ నిండుతుంది. లోపలికి పోవడానికి దారి ఒక్కటే. ఆనకట్ట దిగువన, నదికి దగ్గరగా, ఉక్కు తలుపు. దానికి లోపలా బయటా చక్రం ఉంటుంది. వరద వచ్చి పైన గేట్లు ఎత్తితే దిగువన నీరు లేచి ఆ తలుపు మునుగుతుంది. అందుకని గేట్లు ఎత్తేముందు లోపలివాళ్ళను బయటికి రప్పించి తలుపు బిగించాలి. మునిగాక దాన్ని తెరవడం ఎవరి చేతా కాదు.

తలుపు పక్క గోడకు కొక్కేలు ఉన్నాయి. పైన బోర్డు: "ఎవరి కోటు వారి కొక్కేనికే తగిలించవలెను." లోపలికి పోయేవాడు తన కోటు తీసుకుంటాడు, వచ్చినవాడు తగిలిస్తాడు. ఖాళీ కొక్కెం కనిపిస్తే లోపల మనిషి ఉన్నట్టు. ఈ పద్ధతి ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. ఏ కాగితం మీదా లేదు. తలుపు కాపలా యాకూబ్ ఉద్యోగంలో చేరిననాడే ఇది నేర్చుకున్నాడు. కొక్కేలన్నీ నిండితే తలుపు మూస్తాడు.

బుచ్చిలింగానికి ఒక అలవాటు ఉంది. బయటికి రాగానే నన్ను తిరగేసి, లోపలి వైపు బయటికి వచ్చేలా తగిలిస్తాడు. చెమట ఆరాలని. మిగిలినవాళ్ళు అంత శ్రమ పడరు. మరునాడు తడి కోటులో చేయి పెట్టి తిట్టుకుంటారు.

కొన్నేళ్ళకు, ఒక వానాకాలం మధ్యాహ్నం, ఎగువన పడ్డ వాన నీరు జలాశయంలోకి దిగింది. గాలికి కరెంటు తీగలు తెగాయి. జనరేటరు ఒక్కటే ఉంది, దాన్ని గేట్ల మోటార్లకు కలిపారు. గ్యాలరీలో దీపాలు ఆరాయి, పంపు ఆగింది. కరెంటు లేనప్పుడు సంపు దగ్గరున్న చేతి పంపు కొట్టడం బుచ్చిలింగం పని. అంతకు కాసేపటి ముందే కొత్త ఇంజినీరు మార్కండేయులు, గోడ ఊట ఎంత ఉందో చూడటానికి లోపలికి వచ్చాడు. తెల్ల చొక్కా మీద కోటు లేదు. రాసుకున్న కాగితాలు తడుస్తున్నాయి.

"ఇది తొడుక్కోన్రి సార్, కాయితాలు లోపలేసుకోన్రి" అని బుచ్చిలింగం నన్ను విప్పి ఇచ్చాడు.

"మరి నువ్వు?"

"నాకు బనీను తడిస్తే ఇంట్ల పిండుతరు. మీ కాయితం తడిస్తే పిండరాదు గద సార్."

మార్కండేయులు టార్చి వెలుతురులో బయటికి వచ్చాడు. ఆ సమయానికి యాకూబ్ అక్కడ లేడు. జనరేటరుకు డీజిలు డబ్బాలు మోయడానికి మనుషులు చాలక అతన్ని పైకి పిలిచారు. మార్కండేయులు బోర్డు చదివాడు. నా వీపు మీద అంకె చూశాడు. నన్ను మూడో కొక్కేనికి తగిలించి, కాలరు సరిచేసి, మెట్లెక్కి వెళ్ళిపోయాడు. ఆ బోర్డును అంత శ్రద్ధగా పాటించిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

కాసేపటికి యాకూబ్ పరుగున దిగాడు. పైనుంచి హుకుం వచ్చింది, గేట్లు లేస్తున్నాయి, తలుపు మూయాలి. అతను కొక్కేలు చూశాడు. ఆరు కోట్లూ ఉన్నాయి. ఉక్కు తలుపు నెట్టి, చక్రం తిప్పి బిగించాడు. ఫోనెత్తి, "లోపల ఎవలు లేరు, మూసిన" అని చెప్పాడు.

నేను అతని మోచేతికి తగిలేంత దగ్గరలో ఉన్నాను. బుచ్చిలింగం ఎక్కడున్నాడో అక్కడ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నాకు నోరు లేదు. అంతకన్నా దారుణం, నేను అక్కడ వేలాడుతూ అబద్ధం చెబుతున్నాను. ఖాళీగా ఉండాల్సిన చోట నిండుగా ఉన్నాను.

యాకూబ్ చేతులు తుడుచుకుంటూ మళ్ళీ కొక్కేల వైపు చూశాడు. పైకి పోబోయి ఆగాడు. నా భుజాల మీదినుంచి నీరు కారుతోంది. రబ్బరు వైపు బయటికి ఉంది. నా చేయి పట్టుకుని లోపల తడిమాడు.

"గిది లింగన్న తగిలేసింది కాదు" అన్నాడు, తనలో తాను.

మళ్ళీ పైకి ఫోను చేశాడు. ఈసారి మార్కండేయులు ఎత్తాడు.

"సార్, బుచ్చిలింగం పైకొచ్చిండా?"

"రాలే. కిందనే ఉన్నడు గద. ఎందుకు?"

"తలుపు మూసిన సార్."

యాకూబ్ ఫోను పట్టుకునే నా వైపు తిరిగాడు.

"కోటు కొక్కేనికుంది సార్. అందరు పోయిన్రనుకున్న."

"ఆ కోటు నేను తొడుక్కొచ్చిన యాకూబ్. ఆయనే ఇచ్చిండు. నేనే తగిలిచ్చిన."

"గేట్లు ఆపున్రి సార్."

"రెండు గేట్లు లేచినయి. ఆపితే నీళ్ళు కట్ట మీదికెళ్ళి పోతయంటున్నడు పెద్ద సారు. నువ్వు ఆగు, నేను దిగొస్తున్న."

"మీరు దిగొచ్చేసరికి ఈ మెట్లు ఉండయి సార్" అని యాకూబ్ ఫోను పెట్టేశాడు.

నది అప్పటికే గట్టు రాళ్ళ మీదికి వచ్చింది. యాకూబ్ చక్రం వెనక్కి తిప్పి తలుపు తెరిచాడు. నన్ను తీసి తొడుక్కున్నాడు. తడవకూడదని కాదు, చేతిలో టార్చి తడవకూడదని. దాన్ని నా కిందినుంచి పట్టుకుని పరుగెత్తాడు. అతని గుండె నా గుడ్డకు కొట్టుకుంటోంది. బుచ్చిలింగం అన్నేళ్ళలో నాకు ఇచ్చినంత చెమట అతను ఆ ఒక్క పరుగులో ఇచ్చాడు.

బుచ్చిలింగం సంపు దగ్గర చేతి పంపు కొడుతున్నాడు. నీరు రావడం లేదు.

"ఏంది భాయ్, కరెంటు తెచ్చినవా?"

"నిన్ను తీస్కపోను వచ్చిన. నడువు."

"పంపు?"

"పంపు సంగతి తర్వాత. నడువు లింగన్నా."

వాళ్ళు తలుపు దగ్గరికి వచ్చేసరికి నీరు గడప దాటి మోకాళ్ళ దాకా లోపలికి వస్తోంది. బయట మెట్లు లేవు, నురుగు ఉంది. ఒక అడుగు బయట పెట్టి యాకూబ్ పడబోతే బుచ్చిలింగం నా కాలరు పట్టుకుని వెనక్కి లాగాడు. ఇద్దరూ లోపలి చక్రం పట్టుకుని తలుపును లాగారు. సగం మూసుకున్నాక వాళ్ళ బలం అక్కర్లేకపోయింది, నది మూసింది. చక్రం బిగించారు. గడప లోపలికి వచ్చిన నీరు కాలువలో పడి సంపు వైపు పోయింది.

ఇద్దరూ తలుపుకు వీపు ఆనించి కూర్చున్నారు. ముందు బుచ్చిలింగం నోరు విప్పాడు.

"నన్ను లోపలేసి మూసినోనివి నువ్వేనా?"

"కోటు చూసిన అన్నా."

"కోటుకా సర్కారు జీతమిచ్చేది? నన్ను చూడాలె గని."

"అందుకే వచ్చిన గద."

"వచ్చి ఏం జేసినవ్? ఒక్కడు సచ్చేకాడ ఇద్దరమైనం." కొంచెం ఆగి, "పా, నీళ్ళు ఎంతొచ్చినయో చూద్దం" అన్నాడు.

సంపు నిండబోతోంది. అది పొర్లితే నీరు గ్యాలరీ నేల మీదికి ఎక్కుతుంది, ఆ తర్వాత ఎక్కడానికి వాళ్ళకు ఇంకో చోటు లేదు. చేతి పంపును విప్పి చూశారు. అంతవరకు కరెంటు పోతే జనరేటరే పంపును నడిపేది, దీన్ని ముట్టినవాడు లేడు. లోపలి తోలు వాషరు ఎండి ముక్కలైంది. వాషరు లేకపోతే పిడి ఎంత కొట్టినా గాలే తప్ప నీరు ఎత్తదు. బుచ్చిలింగం యాకూబ్ చెప్పు తీసుకుని, మొలలోని కత్తితో గుండ్రంగా కోశాడు. మందం ఎక్కువై గొట్టంలో కదలలేదు. అంచులు చెక్కితే విరిగింది. అప్పుడు టార్చి నా మీద వేశాడు.

"సర్కారు కోటు భాయ్. కోస్తే అనంతరాములు సారు బతకనిస్తడా?"

"ముందు మనం బతికితే గద ఆయన చంపేది."

బుచ్చిలింగం నన్ను నేల మీద పరిచాడు. కత్తిని వీపు మీద, అంకె వేసిన చోట పెట్టాడు. గుడ్డ తెగింది, రబ్బరు సాగి ఆ తర్వాత తెగింది. మూడు బిళ్ళలు కోసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, మర బిగించాడు. నీటిని ఆపడం తప్ప ఇంకో పని తెలియని నన్ను నీటిని ఎత్తే పనిలో పెట్టాడు. పిడి కొట్టాడు. గాలి వచ్చింది. మళ్ళీ కొట్టాడు. గొట్టం గుటక వేసినట్టు చప్పుడు చేసింది, పిడి బరువెక్కింది.

"పట్టింది" అన్నాడు.

వంతులవారీగా కొట్టారు. కొట్టేవాడికి చెమట, ఆగినవాడికి వణుకు. ఆగినవాడు నన్ను కప్పుకునేవాడు. ఒకరి చెమటతో తడిసి ఉన్నప్పుడే ఇంకొకరి మీదికి వెళ్ళేదాన్ని. టార్చి ఆర్పేశారు. చీకటిలో పంపు చప్పుడు, కప్పు నుంచి నీటి చుక్కలు, తలుపు అవతల నది. సంపులో నీరు తగ్గలేదు, పెరగనూ లేదు. చేతులు ఆపితే పెరుగుతుంది. అంతే.

"మా ఇంటామె లస్మి ఇయ్యాల బొమ్మిడాల పులుసు జేస్తనన్నది" అన్నాడు బుచ్చిలింగం.

"తిండి మాట ఎత్తకు."

"సరే. నీ మాట చెప్పు. తలుపు తెరిచి ఎందుకొచ్చినవ్? ఎవనికీ తెల్వకపోయేది. కోటే సాక్ష్యం చెప్పేది."

యాకూబ్ పిడి కొడుతూనే ఉన్నాడు. "నాకు తెలుస్తది గదనే" అన్నాడు. "రేపటినుంచి ఆ తలుపు కాడ్నే గద కూసునేది నేను."

బుచ్చిలింగం లేచి పిడి అందుకున్నాడు.

ఒక వంతు అయ్యాక యాకూబ్ నమాజు చేసుకుంటానన్నాడు. వేళ ఏదో తెలియదు. దిక్కు కూడా తెలియదు.

"పడమర ఏ దిక్కో ఎట్ల తెలుస్తది అన్నా?"

"ఏరు తూర్పుకు పారుతది. చెరువు కట్టకెన్క. కారే గోడే పడమర."

యాకూబ్ చేతులు చాచి గోడలు తడిమాడు. నీరు ఊరే గోడ దొరికింది. నన్ను దాని ముందు పరిచి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆ గోడకు అవతల జలాశయం మొత్తం నిలబడి ఉంది. అతను దాని వైపు తల వంచాడు. నుదురు నాకు ఆనింది. అంతసేపూ బుచ్చిలింగం పంపు ఆపలేదు, కాని చప్పుడు కాకుండా మెల్లగా కొట్టాడు.

బయట జరిగింది తర్వాత విన్నాను. మార్కండేయులు దిగేసరికి తలుపు ఉన్న చోట నది ఉంది. ఇద్దరూ పోయారనే అనుకున్నారు. లస్మి వచ్చింది. ఏడ్చిందని కొందరన్నారు, ఏడవకుండా ఇంజినీర్లను వరసగా తిట్టిందని కొందరన్నారు. రెండూ చేసి ఉంటుంది. ఆనకట్ట గోడకు, వరద మట్టానికి పైన, పంపు గొట్టం మూతి ఉంది. ఆమె దాన్నే చూస్తూ నిలబడింది. అందులోంచి నీరు పడటం మొదట చూసింది ఆమే. ధారగా కాదు, ఆగి ఆగి పడుతోంది.

"గది మోటరు కాదు సారూ, మనిషి చెయ్యి. మా ఆయన పంపు కొడ్తున్నడు" అని మార్కండేయులుకు చూపించింది.

అతను ఆ గొట్టం ఎదురుగా రాయి మీద కూర్చుని, వరద తగ్గేదాకా లేవలేదట. నీరు ఆగినప్పుడల్లా లేచి నిలబడేవాడట, పడగానే కూర్చునేవాడట. వంతు మారేటప్పుడు లోపల చేతులు ఆగుతాయని అతనికి తెలియదు.

చివరికి తలుపు మీద చప్పుడైంది. చక్రం బయటినుంచి తిరిగింది. మొదట లోపలికి వచ్చింది మార్కండేయులే. టార్చి ముందు ఒకరి ముఖం మీద, తర్వాత ఇంకొకరి ముఖం మీద వేశాడు. బుచ్చిలింగం గోడకు ఆనుకుని అతన్ని చూశాడు.

"ఇంకోసారి మీ కోటు మీరే తెచ్చుకోన్రి సార్" అన్నాడు.

విచారణ జరిగింది. నన్ను బల్ల మీద పరిచి ముగ్గురు అధికారులు చూశారు. కొక్కేల పద్ధతి ఎవరు పెట్టారని అడిగారు. ఎవరూ చెప్పలేకపోయారు. ఇకమీదట లోపలికి పోయే ప్రతివారికీ ఇత్తడి బిళ్ళ ఇవ్వాలని, బయటికి వచ్చాక దాన్ని బోర్డుకు తగిలించాలని ఆర్డరు వేశారు. తర్వాత నన్ను స్టోరుకు పంపారు. అనంతరాములు నా వీపులోని రంధ్రాల్లో చేయి పెట్టి చూసి, బుచ్చిలింగాన్ని అడిగాడు.

"ఇదెట్లయింది?"

"మీరన్నదే సార్. నీళ్ళల్ల ఏసుకుంటే పాడైంది."

అనంతరాములు ఈసారి నవ్వాడు. పనికిరాదని రాశాడు. వేలం జరిగేదాకా పాత సామాన్ల గదిలో పడేయాలి. యాకూబ్ అడిగితే, వేలం రోజు తెచ్చివ్వమని అతనికి ఇచ్చాడు. ఆ వేలం ఇంకా జరగలేదు.

ఇప్పుడు నేను తలుపు పక్కన యాకూబ్ స్టూలు మీద మడత పెట్టి ఉంటాను. అతను నా మీద కూర్చుంటాడు. నా వీపు ముక్కలు ఆ పంపులోనే ఉన్నాయి. కొత్త తోలు వాషరు తెచ్చినా బుచ్చిలింగం మార్చనివ్వలేదు. కొక్కేలకు కొత్త కోట్లు వచ్చాయి, పక్కనే బిళ్ళల బోర్డు వచ్చింది. తలుపు మూసే వేళకు యాకూబ్ కోట్లు చూస్తాడు, బిళ్ళలు చూస్తాడు. ఆ రెండింటి మాటా నమ్మడు. తలుపు సగం తెరిచి పట్టుకుని, చీకట్లోకి తల పెట్టి కేక వేస్తాడు.

"లోపల ఎవలన్న ఉన్నరా?"

కేక ఆ కొస దాకా పోయి తిరిగి వస్తుంది. దాన్ని అతను జవాబుగా తీసుకోడు. నిలబడతాడు. కొత్త ఇంజినీర్లు నవ్వుకుంటారు, కోట్లన్నీ ఉన్నాయి కదా అంటారు. అతను వినడు. నిన్న కూడా అలాగే నిలబడ్డాడు. కోట్లు ఆరూ ఉన్నాయి, బిళ్ళలన్నీ ఉన్నాయి. లోపలినుంచి, దూరంగా, బుచ్చిలింగం గొంతు వచ్చింది.

"ఉన్న. బీడీ కోసం బయిటికొచ్చి, కోటు, బిళ్ళ తగిలేసి, మళ్ళ అట్లనే లోపలికొచ్చిన. అరవకు భాయ్, వస్తున్న."

యాకూబ్ తిట్టడం మొదలుపెట్టాడు. బుచ్చిలింగం బయటికి వచ్చేదాకా తిడుతూనే ఉన్నాడు, తలుపు మాత్రం రెండు చేతులతో తెరిచి పట్టుకున్నాడు.